మురగని గుడ్డు

పోయిన నెల పులివెందులలో మా తమ్ముడి మనవరాలు హరిణి చదివే బడికి వెళ్ళాను. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో ఇంటి పెద్దలొచ్చి ఒకసారి చూడాలని బడివాళ్ళు కబురు పెట్టారు. హరిణి తల్లికీ తండ్రికీ ఆ రోజు తీరిక లేదు. ఇంట్లో తీరిక ఉన్న పెద్దను నేనొక్కదాన్నే. రసాయన ప్రయోగశాల అని బోర్డు కట్టిన గదిలోకి నన్ను తీసుకుపోయారు. ఆ గదిలో ఒక్క సీసా లేదు, ఒక్క గాజు గొట్టం లేదు, చేతులు కడుక్కునే కుళాయి కూడా లేదు. పన్నెండు మంది పిల్లలు కళ్ళకు నల్లటి పెట్టెల్లాంటి అద్దాలు కట్టుకుని, గాలిలోకి చేతులు చాచి, నాకు కనిపించని సీసాల్లో నుంచి కనిపించని నీళ్ళేవో కనిపించని గొట్టాల్లోకి వంచుతున్నారు. ఒక పాప చేతిలోంచి ఏదో జారింది కాబోలు, "అయ్యో, పగిలిపాయ!" అంటూ వెనక్కి గెంతింది. టీచరమ్మ చిన్నపిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. "అవ్వా, ఈ పక్కకు రావాకండి, ఆడ యాసిడ్ పోస్తాండారు" అంది. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గోడవారగా జరిగాను. జరిగిన తరువాత నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు తడిశాయి. లేని యాసిడ్‌కు భయపడి బట్టలెత్తి పట్టుకోవడం నాకు అది మొదటిసారి కాదు.

హరిణి తన అద్దాలు తీసి నా కళ్ళకు కట్టింది. ఎదురుగా నిగనిగలాడే బల్ల, దాని మీద వరసగా గొట్టాలు. హరిణి నా చేయి పట్టుకుని కదిలిస్తే లోపల ఇంకెవరిదో తెల్లటి చేయి కదిలింది. ఒక గొట్టంలో నల్లటి పొడి మీద యాసిడ్ పడింది, బుడగలు లేచాయి, ఆ బుడగల మీద అక్షరాలు తేలాయి: కుళ్ళిన కోడిగుడ్ల వాసన. నేను ముక్కు ఎగబీల్చాను. నా చీరలోని కర్పూరం వాసన తప్ప ఏమీ లేదు.

"వాసన యాడుందే?" అన్నాను.

"రాసుంది కదవ్వా" అంది హరిణి.

ఆ ఒక్క మాటతో నేను పులివెందుల నుంచి జమ్మలమడుగుకు, ఇప్పటి నుంచి అప్పటికి వెళ్ళిపోయాను.

జమ్మలమడుగులో మా నాన్న శివాలయం పూజారి. కాలేజీలో ఒక ఏడాది సైన్సు చదివాక తాత కాలం చేయడంతో, చేతిలోని గాజు గొట్టం దించి గంట పట్టుకున్నాడు. ఆ ఒక్క ఏడాది మాత్రం ఆయన లోపల ఆరలేదు. నన్ను బడికి పంపలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. నాన్నను కన్నతల్లి, మా అవ్వకు మడి పట్టింపు. బడి నుంచి వచ్చిన పిల్లకు రెండు పూటలా తలకు పోయాలంటే కట్టెలెక్కడివి, నీళ్ళెక్కడివి అని అవ్వ లెక్క. అమ్మ తెలుగు నేర్పింది, నాన్న మిగిలినవన్నీ నేర్పాడు. పొద్దున్నే అభిషేకం ముగించుకుని, తడి జుట్టు ముడివేసుకుని, నైవేద్యం పొయ్యి మీద ఉడికేలోపల నాన్న పాఠం చెప్పేవాడు. అందుకే నాకు ఇప్పటికీ లెక్కలంటే పెసరపప్పు ఉడికే వాసన, రసాయనమంటే కర్పూరం, తడి పంచె, తడిసిన నాపబండల వాసన. పొడి చదువు నాకు తెలియదు. భగవంతుడు నాకిచ్చిన వాటిలో ఇదొకటని ఇప్పుడు రోజూ తలచుకుంటాను.

సీసాలు, గొట్టాలు కొనే శక్తి మాకు లేదు. నాన్న దానికి దిగులు పడలేదు. ఒంట్లో బాగాలేని రోజున, ఊరు ప్రయాణమైన రోజున నాన్న మానసపూజ చేసేవాడు. కళ్ళు మూసుకుని మనసులోనే నీళ్ళు పోసి, మనసులోనే పూలు వేసి, మనసులోనే హారతి ఇచ్చేవాడు. లేని పళ్ళెంలో పెట్టిన నైవేద్యం దేవుడికి అందుతుంటే, లేని గొట్టంలో చేసిన ప్రయోగం పిల్లకు ఎందుకు అందదు అన్నది ఆయన వాదం. అలా మా నడవలో ప్రయోగశాల వెలిసింది. నడవకు ఎడమ పక్క యాసిడ్ల అలమర, కుడి పక్క లవణాలు, మధ్యలో బల్ల. ఏవీ లేవు, అన్నీ ఉన్నాయి. నేను లేని గొట్టాన్ని మూడు వేళ్ళతో పట్టుకుని లేని దీపం మీద ఏటవాలుగా ఆడించేదాన్ని. "మూతి అమ్మ పక్కకు తిప్పినావు చూడు! చిమ్మితే మీ అమ్మ మొగమేం కావాల?" అని నాన్న కేకలేసేవాడు. రుబ్బురోలు దగ్గర కూర్చున్న అమ్మ పాపం చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది.

అవ్వ మొదట్లో "వీనికి గాలి పట్టింది" అనేది. ఒకనాడు మడి నీళ్ళ బిందెతో నడవలోకి వస్తుంటే నాన్న అడ్డంగా చేతులు చాచాడు.

"అమ్మా, నిలబడు! ఆడ యాసిడ్ ఒలికింది!"

అవ్వ నిలబడింది. బండ కేసి చూసింది, కొడుకు కేసి చూసింది, పెద్దగా చుట్టు తిరిగి వంటింట్లోకి పోయింది. మరునాటి నుంచి బిందె ఎత్తుకున్నప్పుడల్లా గడప దగ్గరే ఆగి, "నీ యాసిడ్ తుడిచినావా లేదా రా? నీళ్ళు తేవాల" అని అడగడం అలవాటైంది. ఒకరోజు నాన్న మరిచిపోయాడని తానే ఒక చెంబు నిజం నీళ్ళు పోసి కడిగింది. "నీళ్ళలో యాసిడ్ పోయాలమ్మా, యాసిడ్ మీద నీళ్ళు పోయగూడదు!" అని నాన్న నెత్తి కొట్టుకుంటే, అవ్వ వారం రోజులు ఆ బండ మీద అడుగు పెట్టలేదు.

నాకు పద్నాలుగు ఏళ్ళు నిండాక నాన్న ధైర్యం చేసి ప్రొద్దుటూరులోని ఒక ఆడపిల్లల బడికి పోయి అడిగాడు. సైన్సు సారు పరీక్ష చేసి సరేనంటే నేరుగా పదో తరగతిలో కూర్చోబెడతామన్నారు. నాకు బడిలో కూర్చోవాలన్న ఆశ ఎంతటిదంటే, ఆ రోజుల్లో సంజె దీపం దగ్గర నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే. అవ్వ మాత్రం గడప మీదనే తీర్పు చెప్పింది. "ఒకసారి పోయి చూడండి. ఆయప్ప ఒద్దంటే మాత్రం మళ్ళా ఈ ఇంట్లో బడి మాట ఎత్తగూడదు." అవ్వ మాటంటే మాటే. నాకున్నది ఆ ఒక్క అవకాశమే.

ఆ సారు పేరు మస్తాన్. ఆయన పద్ధతి వేరని అక్కడ చదివినవాళ్ళు చెప్పారు. రాయించడు, చదివించడు. కళ్ళు మూసుకోమని సీసాల మూతలు తీసి ముక్కు ముందు పెడతాడు, ఏ వాయువో చెప్పాలి. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా మానస ప్రయోగశాలలో అన్నీ ఉన్నాయి గానీ వాసన లేదు. మనసులో పూసిన పువ్వుకైనా వాసన ఉంటుందేమో, మనసులో పుట్టిన వాయువుకు మాత్రం రాలేదు.

ఇక వాసనల వేట మొదలైంది. పాత్రలకు కళాయి పూసే సాయిబు వీధిలోకి రాగానే నాన్న నన్ను లాక్కుపోయి కొలిమి ముందు కూర్చోబెట్టాడు. కాలిన గిన్నెలో నవాసారం చల్లగానే తెల్లటి పొగ, ముక్కు పగిలే ఘాటు. "ఇదే అమ్మోనియా, పట్టుకో" అన్నాడు నాన్న. అగ్గిపుల్ల గీసిన మరుక్షణం వచ్చే గంధకపు వాసన మా దేవుడి దీపాలే నేర్పాయి. వీధి బావిలో బ్లీచింగు పొడి వేసిన రోజున ఊరంతా ముక్కు మూసుకుంటే నేనూ నాన్నా బావి పిట్టగోడ మీద వంగి క్లోరిన్ నేర్చుకున్నాం. అంతా కుదిరింది. ఒక్కటే మిగిలింది. హైడ్రోజన్ సల్ఫైడ్. పుస్తకంలో దాని ముందు కుళ్ళిన కోడిగుడ్ల వాసన అని ఉంది. మా ఇంట్లో ఏడు తరాలుగా మంచి గుడ్డు వాసనే ఎవరికీ తెలియదు.

మా వీధి చివర ఓబుళమ్మ దొడ్డి. గొర్రెలు మేపే వాళ్ళ ఇల్లది, దాంతోపాటు నాలుగు కోళ్ళు. ఎర్రటి ఎండలో, చుట్టుపక్కల మనిషి లేని వేళ చూసి నాన్న ఆ దొడ్డి కంప దగ్గర నిలబడ్డాడు. వెనకాల నేను.

"ఓబుళమ్మా, ఒక గుడ్డు కావల్ల."

ఓబుళమ్మ చేతిలోని గంప జారింది. "గుడ్డా? నీకా సామీ?"

"మంచిది కాదు. మురిగింది."

ఓబుళమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఎవురి వాకిట్లో పెట్టాల సామీ? నిన్ను అంత ఏడిపించినోడు ఎవుడు?"

చేతబడి కాదు, పిల్ల చదువని నాన్న చెప్పేసరికి చాలాసేపు పట్టింది. అంతా విని ఓబుళమ్మకు ఇంకో బాధ కలిగింది. "మా కోళ్ళు మురిగిన గుడ్లు పెట్టవు సామీ. కావల్లంటే మంచిది పక్కన పెడతా, అదే మురుగుతాది." అలాగే ఒప్పందం కుదిరింది. గడ్డివామి వెనక చింపిరి గంపలో ఒక గుడ్డు దాచింది. ఆ రోజు నుంచి నాన్న గుడికి పోతూ వస్తూ, పెరుగు తోడుకుందా అని అడిగినట్టు, "అయిందా?" అని అడిగేవాడు. "ఇంగా కాలేదు సామీ" అని ఓబుళమ్మ. "ఏందప్పా వాళ్ళిద్దరి లెక్క?" అని వీధి మొత్తం గుసగుస.

మూడు వారాల తరువాత ఒక పొద్దున ఓబుళమ్మ కొంగులో ఏదో పెట్టుకుని మా వాకిటి ముందు నిలబడింది. ముఖంలో తప్పు చేసిన కళ. కొంగు విప్పింది. లోపల పసుపు ముద్దలాంటి కోడిపిల్ల, కీచుమంటోంది.

"నేనేం చేసేది సామీ? గడ్డివామి ఎనకాల మా పెట్ట పోయి పొదిగింది."

"మురగమంటే పుట్టింది" అన్నాడు నాన్న, ఆ కోడిపిల్లకు చేతులు జోడించి. ఓబుళమ్మ ఆ పిల్లకు సైన్సు అని పేరు పెట్టింది. రెండో గుడ్డును ఎండలో బండ మీద పెడితే కుక్క తినేసింది. పరీక్షకు ఇంక నాలుగే రోజులు. నాన్న అన్నం సరిగా తినలేదు. ఆ ఒక్క సీసానే సారు ముందు పెడితే ఏం చేయాలి? బడి మాట మళ్ళీ ఎత్తకూడదు కదా. నేను దేవుడి గదిలో కూర్చుని, ఆడపిల్ల అడగకూడని మొక్కు మొక్కాను: స్వామీ, ఎక్కడైనా ఒక గుడ్డు మురగనీ.

ఆ సాయంకాలం ఓబుళమ్మకు కడుపునొప్పి వచ్చి మా వాకిట్లో చతికిలబడింది. అజీర్తికి మా అవ్వ చూర్ణం వీధి వీధికీ తెలుసు. వాము, శొంఠి, నల్లుప్పు కలిపి దంచి, మడి అలమరలో ఇత్తడి డబ్బాలో పెట్టేది. ఏకాదశి మరునాడు మేమందరం నాలుక మీద వేసుకునేవాళ్ళం. అవ్వ డబ్బా తెచ్చి, చెంచాడు తీసి, ఓబుళమ్మ అరచేతికి జానెడు పైనుంచి రాల్చింది. ఆ జానెడు ఎత్తు తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది. అప్పుడు అది మాకు కనిపించేది కాదు. చూర్ణం నోటి దాకా పోకముందే ఓబుళమ్మ ముఖం పక్కకు తిప్పింది.

"అవ్వో, ఇదేందవ్వా! మురిగిన గుడ్డు కంపు కొడతాంది!"

లోపల సాయంపూజలో ఉన్న నాన్న గంటతో సహా పరిగెత్తుకొచ్చాడు. "ఏమంటివి? ఇంగోసారి చెప్పు!"

"తప్పయిపాయ సామీ, తింటా, తింటా..."

"తప్పు కాదు తల్లీ, ఇదేనా? కచ్చితంగా ఇదేనా?" నాన్న డబ్బాలో ముక్కు పెట్టాడు. "పుట్టినకాడ్నుంచి తింటాండానే దీన్ని!" నేనూ వాసన చూశాను. నల్లుప్పు వాసన, ఎప్పుడూ ఉండేదే. ఇన్నాళ్ళూ మేము ఊరంతా వెతికిన కంపు మా మడి అలమరలో, దేవుడి పటం కిందనే ఉంది. నాన్నా నేనూ ఆనందంతో గంతులేశాం. అవ్వ మాత్రం డబ్బా మూతపెట్టి గోడకు చేరగిలబడింది. ఆ రాత్రి ఫలహారం చేయలేదు. డబ్బాను పెన్నేటిలో పారేయాలా, ఇల్లంతా కడిగించాలా, ఇన్నేళ్ళ మడి ఏమైనట్టు అని ఆమె బాధ. నా బాధ వేరే. అవ్వ దాన్ని పారేస్తే, ఆ వాసన పరీక్ష దాకా నా ముక్కులో నిలవదు.

మరునాడు స్నానం చేసి వచ్చి అవ్వ నాన్నను పిలిచింది.

"ఒరే, నల్లుప్పు యాడ్నుంచి వచ్చాది?"

"భూమిలో నుంచమ్మా."

"భూమి ముందు పుట్టిందా, కోడి ముందా?"

"భూమే."

"అట్లయితే గుడ్డే దీని వాసన ఎత్తుకున్నింది. మన ఉప్పుది తప్పేం ల్యా." డబ్బా మళ్ళీ అలమరలోకి చేరింది. నేను పెద్ద పెద్ద పండితుల వాదాలు విన్నాను గానీ, ఇంత కచ్చితంగా తేలిన వాదం వినలేదు.

పరీక్ష రోజున అవ్వ కూడా ప్రొద్దుటూరు బయలుదేరింది. పిల్ల అక్కడ ఎవరి నీళ్ళూ తాగకూడదని ఒక చెంబు, బస్సులో కడుపు తిప్పితే ఉండాలని చూర్ణం పొట్లం. మస్తాన్ సార్ పొట్టిగా, తెల్ల గడ్డంతో, యాసిడ్ చుక్కలకు చిల్లులు పడిన చొక్కాతో ఉన్నాడు. ఆ చిల్లులు చూసి నేనొక అడుగు వెనక్కి వేశాను. మా ఇంటి యాసిడ్‌కు చిల్లులు పడవు. "కండ్లు మూసుకో పాపా" అన్నాడు. మొదటి సీసా. "కళాయి సాయిబు... అమ్మోనియా." రెండోది. "అగ్గిపుల్ల... సల్ఫర్ డయాక్సైడ్." మూడోది. "వీధి బావి... క్లోరిన్." సారు 'ఊ' అన్నాడు. నాలుగో మూత తీశాడు. మా ఇల్లు, ఏకాదశి, అవ్వ అరచేయి, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి.

"అవ్వ డబ్బా" అన్నాను.

"ఏంది?"

"మా అవ్వ డబ్బా, సార్."

"సరే, దాని పేరు?"

పేరు రాలేదు. నెల రోజులు నాలుక మీద తిరిగిన పేరు, ఒక్క అక్షరం మిగలకుండా పోయింది. నేను కళ్ళు మూసుకునే నిలబడ్డాను, తెరిస్తే అంతా అయిపోతుందని. అప్పుడు తలుపు దగ్గర నుంచి అవ్వ గొంతు.

"ఏమప్పా, నా పొట్లం ఎవురు తీసినారు? మా చూర్ణం వాసన ఈడ వచ్చాందే!"

నడుములో దోపుకున్న పొట్లం తడుముకుని, అది అక్కడే ఉండేసరికి ఆమెకు ఇంకా అయోమయం. పొట్లం విప్పి లోపలికి వచ్చింది. మస్తాన్ సార్ సీసా ఒకసారి, పొట్లం ఒకసారి వాసన చూశాడు. మళ్ళీ సీసా, మళ్ళీ పొట్లం. "ఇన్నేండ్లు ఈ గ్యాసు తయారు చేస్తాండా అవ్వా, దీన్ని తింటారని తెలీదు నాకు. దేనికిది?" "అజీర్తికి నాయనా." "నాకు రెండు దినాల్నుంచి అదే బాధ" అని అరచేయి చాచాడు. అవ్వ ఒక చిటికెడు తీసి ఆ చేతిలో పెట్టింది. తన చేయి జానెడు పైకెత్తి రాల్చడం మరిచిపోయింది. ఇంటికి పోయాక తలకు పోసుకుందా లేదా అని నేనెప్పుడూ అడగలేదు.

"పేరు చెప్పలేదు గద సార్" అన్నాడు నాన్న, నిజం దాచలేక.

"పేరు నేను బోర్డు మీద రాస్తే వచ్చాది సామీ. వాసన యాడ రాసేది? సోమవారం పంపీ."

అలా నేను బడి మెట్లెక్కింది ఒక్క ఏడాది. ఆ ఏడాదికి నేను పడిన రుణం దేవుడితో మొదలుపెట్టి ఓబుళమ్మ దాకా ఉంది. నేను పదో తరగతి రాసే నాటికి సైన్సు పెద్దదై గుడ్లు పెడుతోంది. "మీ సైన్సు ఈ పొద్దు కూడా పెట్టింది సామీ" అని ఓబుళమ్మ గుడి ముందు నుంచి కేకేస్తే, నాన్న గర్భగుడిలో నుంచే "సంతోషం" అనేవాడు.

పులివెందుల బడిలో అద్దాలు తీసిన తరువాత నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఈ అద్దాలు చూస్తే ఆయన ఎంత పొంగిపోయేవాడో. తేడా ఒక్కటే తోచింది. ఈ పిల్లల యాసిడ్ ఎవరిది వాళ్ళ అద్దాల్లోనే ఉంది. మా యాసిడ్‌కు అమ్మ కొంగు అడ్డం పెట్టుకోవాలి, అవ్వ చుట్టు తిరిగి రావాలి, ఇంటిల్లిపాదీ నమ్మితే తప్ప అది ఒలకదు. ఏది మేలని నేను చెప్పలేను. మా దాంట్లోనూ వాసన లేదు, వీళ్ళ దాంట్లోనూ లేదు.

నా సంచిలో చూర్ణం డబ్బా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. హరిణి మళ్ళీ అద్దాలు కట్టుకుని అదే గొట్టం దగ్గరకు పోయి బుడగలు తెప్పించింది. నేను మెల్లగా మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టాను.

"మేడం! మిషన్‌కు వాసన గూడా వచ్చాంది!" అని అరిచింది హరిణి.

మిగిలిన పిల్లలు ముక్కులు ఎగబీల్చారు. టీచరమ్మ ముఖం పాలిపోయింది. ఎక్కడో తీగ కాలుతోందని పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆర్పేసింది. పన్నెండు మంది యాసిడ్ ఒక్క క్షణంలో మాయమైంది. "అందరూ బయటికి నడవండి, గ్యాసు లీకయితాంది!" ఏ గ్యాసూ లేని గదిలో నుంచి మేమంతా వరసగా వరండాలోకి వచ్చాం. అక్కడ ఎండలో నిలబడి నేను డబ్బా చూపించి నేరం ఒప్పుకున్నాను. టీచరమ్మ కోప్పడలేదు, చల్లగా ఉండాలి. తానూ వాసన చూసి, పిల్లలను వరసలో నిలబెట్టింది. తీర్థానికి చాచినట్టు పన్నెండు చేతులు ముందుకొచ్చాయి. కుళ్ళిన కోడిగుడ్ల వాసన అంటే ఇదేనని, దీని కోసం మా నాన్న ఎంత తిరిగాడో చెబుదామని నేను గొంతు సవరించుకున్నాను. హరిణి ఒక్కసారి వాసన చూసి పెదవి విరిచింది.

"ఇదా అవ్వా? ఇది పానీపూరి నీళ్ళ వాసన కద!"

"అవునవును, బస్టాండు కాడి బండిది!" అన్నారు అందరూ.

ఆ సాయంకాలం హరిణి చేయి పట్టుకుని బస్టాండు దగ్గరి బండికి వెళ్ళాను. హరిణికి ఒక ప్లేటు చెప్పి, నాకు తినేది వద్దు, ఆ నీళ్ళు ఒక దొన్నెలో పోసివ్వు నాయనా అన్నాను. బండి అతను వింతగా చూసి పోసిచ్చాడు. దొన్నె ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పుదీనా, చింతపండు, వాటి అడుగున అవ్వ డబ్బా. ప్రొద్దుటూరు గదిలో ఎలా నిలబడ్డానో అలాగే నిలబడ్డాను. ఈసారి పేరు వచ్చింది.

"హైడ్రోజన్ సల్ఫైడ్, సార్" అన్నాను గట్టిగా.

"అది లేదవ్వా" అన్నాడు బండి అతను. "తీపి ఉండాది, కారం ఉండాది. ఏది పొయ్యమంటావు?"